మూత మీద గరిటె

సెప్టెంబరు 4

నర్సమ్మ రాయమంది కాబట్టి రాస్తున్నాను. మా అమ్మాయి పిట్ట రోజూ ఏం తింటోందో ఆరు వారాల పాటు తేదీలు వేసి రాసి తెమ్మంది. ఆమెకు ఇవ్వాల్సింది వేరే కాగితం మీద రాసి గోడకు తగిలించాను. ఈ పుస్తకం మాత్రం నేను పనిచేసే కాటా దగ్గర మూలపడ్డ పాత రిజిస్టరు. ఇది ఎవరికీ చూపించను, కాబట్టి ఎంత కోపం వస్తే అంత కోపంగా రాసుకోవచ్చు.

పిట్టకు పదకొండేళ్ళు. ఒంట్లో రక్తం తొమ్మిదిన్నర ఉందట, పన్నెండైనా ఉండాలట. బరువు ఇరవై తొమ్మిది కిలోలు. నర్సమ్మ దాని కింది కనురెప్పను వేలితో లాగి చూపించింది. ఎర్రగా ఉండాల్సిన చోట పాలిపోయి ఉంది. పక్కనే మా వదిన నిలబడింది. పిట్ట వాళ్ళమ్మకు సొంత అక్క, బట్టలు కుడుతుంది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని మాట్లాడే అలవాటు వల్ల కాబోలు, సూదులు లేనప్పుడు కూడా ఆమె మాట గుచ్చుకుంటుంది.

"ఆరు వారాలు చూస్తాను మరిదీ. అప్పటికీ పెరక్కపోతే పిట్టను నాతో తీసుకుపోతాను. మీరు కాదన్నా సరే" అంది.

జూన్‌లో వాళ్ళమ్మ పోయింది. అప్పటి నుంచి కొట్టు ఇడ్లీలతోనే నెట్టుకొస్తున్నాం. పిట్ట కూడా వెళ్ళిపోతే ఈ ఇంట్లో మిగిలేది నేనూ, గిన్నెలూ.

సెప్టెంబరు 5

వంటింట్లో పై అర మీద బిస్కెట్ల డబ్బా ఉంది. తీశాను. పిట్ట వాళ్ళమ్మ చీటీలన్నీ అందులోనే ఉన్నాయి.

గోదాము గేటు దగ్గర లారీలు తూచే కాటా నాది. సరుకుతో వచ్చిన లారీని తూస్తాం, దింపాక ఖాళీ లారీని తూస్తాం, మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే సరుకు బరువు. పదహారేళ్ళుగా ఇదే పని. మిషనులో ఇరుక్కుని పాడైన చీటీలను ఇంటికి తెచ్చేవాణ్ణి. రెండేళ్ళ కింద గోదాములో ఓవర్‌టైం ఎత్తేశాక, ఆ చీటీల వెనక ఆమె రోజుకు సరిపడా తిండి రాసుకోవడం మొదలుపెట్టింది. ముందు వైపు లారీ బరువు, వెనక వైపు మా ఇల్లు.

"బియ్యం రెండు గ్లాసులు, పప్పు ఒక గ్లాసు, ఆకుకూర రెండు కట్టలు. అన్నీ ఒకే గిన్నెలో, గ్యాసు మిగులుతుంది. దించాక నిమ్మకాయ పిండాలి, ముందు కాదు. గుడ్లు రెండు, చిట్లినవి. కూర అంగడి కట్టేసే వేళకు వెళ్ళాలి. కాలీఫ్లవర్ ఆకులు పారెయ్యకుండా అడిగి తెచ్చుకోవాలి. శనగలు ముందురోజే నానెయ్యాలి."

నర్సమ్మ చెప్పిందీ ఇదే. ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టాలంటే నిమ్మ పిండమంది, తిన్నాక గంట దాకా టీ ముట్టొద్దంది. ఆ చదువంతా మా ఇంట్లో డబ్బాలో మూలుగుతోందని ఆమెకేం తెలుసు?

లెక్క చాలా తేలిక. మొత్తం మూడు గ్లాసులు, ముగ్గురం. ఇప్పుడు ఇద్దరం, కాబట్టి రెండు గ్లాసులు. మూడు గ్లాసులు వండితే పెద్ద గరిటెతో ఆరు గరిటెలు వస్తుంది, రెండు వండితే నాలుగు. పిట్టకు రెండు, నాకు రెండు. గుడ్లు రెండే రాసింది. ఆమెకు గుడ్డు వాసన పడేది కాదు. ఇక నుంచి ఒక్కటి చాలు, అది పిట్టకు. నేను గుడ్డు తినకపోతే కొంపలేం మునగవు.

మిగిలిన డబ్బుతో పిట్టకు బలం మందు కొంటాను.

సెప్టెంబరు 6

ఉప్పు ఎక్కువైంది. పిట్ట నీళ్ళు తాగుతూ తినేసింది.

సెప్టెంబరు 9

పద్ధతి కుదిరింది. నాలుగింటికి లేచి వండుతాను. ఐదున్నరకు గేటు దగ్గర ఉండాలి. పిట్ట ఏడున్నరకు లేచి తనది తాను పెట్టుకుని కొంత తిని, కొంత డబ్బాలో సర్దుకుని బడికి వెళ్తుంది. మూడింటికి నేనొచ్చి నాది తింటాను. నాలుగున్నరకు పిట్ట వస్తుంది. ఈ గంటన్నరే నాకు రాసుకునే సమయం. వాళ్ళమ్మ ఉన్నప్పుడూ ఇంతే, మా ఇంట్లో ముగ్గురం కలిసి కూర్చుని తిన్న రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నేనొచ్చేసరికి నా గిన్నె సిద్ధంగా ఉండేది. తిన్నావా అని అడిగేవాణ్ణి. "నేను ముందే తిన్నాను, మీరు తినండి" అనేది.

ఇవాళ వచ్చి చూస్తే పొయ్యి పక్కన నా గిన్నె ఉంది. మూత బోర్లించి ఉంది. మూత మీద గరిటె అడ్డంగా ఉంది.

అది ఆమె పద్ధతి. ఇది మీది, మిగతావాళ్ళ తిండి అయిపోయింది అని దానికి అర్థం. నేను పొద్దున వండిన గిన్నెను అలాగే వదిలి వెళ్ళాను. గరిటె సింకులో పడేశాను. నాకు బాగా గుర్తు.

సెప్టెంబరు 12

అంగడి కట్టేసే వేళకు వెళ్ళాను. కూరలవాడు నన్ను చూసి, ఆవిడ రావడం లేదేం అన్నాడు. ఊరెళ్ళింది అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. వాడు రెండు కట్టల ధరకు మూడు కట్టలిచ్చి, కాలీఫ్లవర్ ఆకులు ఊరికే సంచిలో కుక్కాడు. ఆవిడ వచ్చాక ఒకసారి కనపడమనండి అన్నాడు. సరే అన్నాను.

సెప్టెంబరు 15

రాయకూడదనుకున్నాను. కానీ రాస్తాను.

నా గిన్నెలో రెండు గరిటెలుండాలి. ఎక్కువ ఉంటోంది. మొదట కళ్ళు మోసం చేస్తున్నాయనుకున్నాను. ఇవాళ గరిటెతో కొలిచి వేరే గిన్నెలోకి తీశాను. మూడు. నిండుగా మూడు. వండిందేమో నాలుగు. పిట్ట తన రెండూ తిన్నాక మూడెలా మిగులుతుంది? పదహారేళ్ళు కాటా మీద కూర్చున్నవాణ్ణి, లారీ గేటులోకి తిరగగానే సరుకు తగ్గిందో లేదో చెప్పేస్తాను. డ్రైవర్లు నన్ను తిట్టుకునేది అందుకే. నా వంటింట్లో నాకు లెక్క తేలడం లేదు.

ఆమె ఒకసారి నాకు డబ్బా ఇవ్వడానికి గేటు దగ్గరికొచ్చి, ఖాళీగా ఉన్న కాటా మీద నడిచింది. మాది పాత కాటా, వంద కిలోల లోపు ఎంత ఎక్కినా సున్నానే చూపిస్తుంది. అద్దంలోంచి ఆ సున్నా చూసి నవ్వింది. "చూశారా, నేను లేనే లేను" అంది. లోపలున్న క్లీనర్లు కూడా నవ్వారు. నేనూ నవ్వాను.

మూడు గరిటెలూ తిన్నాను. ఆమె వండినట్టే ఉంది.

సెప్టెంబరు 16

మూడు.

సెప్టెంబరు 17

మూడు. గరిటె అడ్డంగానే ఉంది.

సెప్టెంబరు 21

పిట్టను అడగలేదు. అడగాలనుకున్నాను. "తిన్నావా తల్లీ?" అంటే "తిన్నాను నాన్నా" అంటోంది. ఆ పైన ఏమని అడగను? గరిటె ఎవరు పెడుతున్నారని అడిగితే ఏదో ఒక జవాబు వస్తుంది. ఆ జవాబు నాకు వద్దు.

సాయంత్రం రొట్టెలు చేస్తే పిట్ట ఆవురావురుమంటూ తింటోంది. తన రెండూ అయ్యాక నా వైపు చూస్తే నా దాంట్లోంచి ఒకటి వేశాను. నాకు మధ్యాహ్నం కడుపు నిండుతోంది కదా. ఆకలి పుట్టడం మంచి లక్షణం. నర్సమ్మ కాగితం మీద అదే రాశాను.

సెప్టెంబరు 26

బలం మందు డబ్బా కొన్నాను. డబ్బా మీద బుగ్గలున్న పిల్లవాడి బొమ్మ. మూత తీస్తే చాక్లెట్ వాసన. మూడు వారాల్లో మిగిల్చిన పప్పూ బియ్యమూ గుడ్లూ కలిపితే సరిగ్గా ఈ డబ్బా అయింది. నా భుజం నేనే తట్టుకున్నాను. మా వదిన వచ్చి చూడాలి.

పిట్ట డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది అన్నం తిన్నాక తాగాలా, ముందా?" అని అడిగింది. తిన్నాక అన్నాను. తల ఊపింది.

అక్టోబరు 1

అన్నం కింద సగం గుడ్డు.

ఆమె అలాగే దాచేది. పైకి కనపడకుండా అడుగున పెట్టేది. ముద్ద కలుపుతుంటే చేతికి తగిలేది. నేను తలెత్తి చూస్తే అటు తిరిగి ఏదో పని చేసుకుంటున్నట్టు నటించేది.

ఇవాళ చేతికి తగలగానే తలెత్తి చూశాను. కిటికీలోంచి ఎండ పడి వంటింటి గట్టు తెల్లగా మెరుస్తోంది. తుడిచిన చారలు ఇంకా కనపడుతున్నాయి.

చెత్తబుట్టలో వెతికాను. ఒక్క గుడ్డు పెంకులే ఉన్నాయి. రెండు ఉడికించి ఉంటాను. నిద్రమత్తులో రెండోదాని పెంకులు ఎక్కడో పారేసి ఉంటాను. కొన్నది ఒక్కటే, అయినా సరే.

"వచ్చావా?" అన్నాను పైకే. నాకు సిగ్గు వెయ్యలేదు.

అక్టోబరు 5

ఆమె ఆఖరి రోజుల్లో ఆసుపత్రిలో పెద్ద డాక్టరు అడిగిన మాట ఇవాళ గుర్తొచ్చింది. జ్వరం చిన్నదే, తట్టుకునే బలం లేదు మనిషిలో అన్నాడు. ఏం తింటుంది ఈమె అని అడిగాడు. మేం తినేదే అండీ అన్నాను. ఆయన నా వైపు ఒకసారి, మంచం వైపు ఒకసారి చూశాడు. నాకప్పుడు కోపం వచ్చింది. మా ఇంట్లో ఆకుకూర లేని రోజు లేదు, పప్పు లేని రోజు లేదు. కావాలంటే చీటీలు చూపిస్తానని కూడా అన్నాను.

ఇప్పుడు ఎందుకు రాస్తున్నాను ఇదంతా? ఆమె ఈ ఇంట్లోనే ఉంది. రోజూ మధ్యాహ్నం నాకు పెడుతోంది. ఇంకేం కావాలి?

అక్టోబరు 9

పిట్ట క్లాసులో బల్ల మీద తల పెట్టి నిద్రపోయిందని టీచరు చీటీ పంపింది. ఆటలు ఎక్కువయ్యాయి. పెందలాడే పడుకోమన్నాను.

అక్టోబరు 12

మూడు. అడుగున సగం గుడ్డు.

అక్టోబరు 16

రక్తం ఎనిమిది పాయింటు ఏడు. బరువు ఇరవై ఏడు.

నర్సమ్మ నేను రాసిన కాగితం రెండు సార్లు చదివింది. రోజూ పప్పు, ఆకుకూర, గుడ్డు, నిమ్మ, ఇంత బాగా తింటుంటే తగ్గకూడదండీ అంది. నేను బలం మందు సంగతి చెప్పాను. దీని డబ్బుతో పప్పూ పల్లీలూ కొని పెట్టినా పోయేది అంది. తర్వాత కాగితం మీద వేలు పెట్టి మెల్లగా అడిగింది.

"ఇందులో వండింది రాశారా, తిన్నది రాశారా?"

పిట్ట కాళ్ళు ఊపుతూ గోడ మీది బొమ్మ చూస్తోంది.

వరండాలో వదిన నాతో ఎక్కువ మాట్లాడలేదు. బుధవారం వచ్చి తీసుకుపోతాను, బట్టలు సర్ది పెట్టమంది. నేను నోటికొచ్చిందేదో అన్నాను. నా తప్పేం లేదన్నాను, నోరు కట్టుకుని నా గుడ్డు కూడా మానేశానన్నాను, ఆమె ఉన్నప్పుడైనా గుడ్లు రెండే కొనేవాళ్ళం, ఆమెకు ఎలాగూ వాసన పడదు కదా అన్నాను.

వదిన ఆగింది.

"ఎవరికి పడదు?"

"మీ చెల్లెలికే."

"దానికి గుడ్డు వాసన పడకపోవడమేంటి మరిదీ? చిన్నప్పుడు నా పళ్ళెంలోది కూడా ఎత్తుకుపోయి తినేది. అమ్మ రోజూ మా ఇద్దరికీ తగువు తీర్చేది."

ఇంటికొచ్చేదాకా పిట్ట చెయ్యి వదల్లేదు.

అక్టోబరు 17

రేపు పొద్దున ఇంట్లోనే ఉంటాను. వెళ్ళినట్టు వెళ్ళి, గేటు పని తోటివాడికి అప్పజెప్పి, ఏడున్నరకల్లా వెనక్కి వచ్చేస్తాను. వంటింటి వెనక కిటికీ దగ్గర నిలబడతాను. ఆమె గరిటె పెట్టేది ఎప్పుడో ఒకప్పుడు చూడాలి కదా. చూసి అడుగుతాను. పిట్ట ఎందుకు తగ్గిపోతోందో ఆమెకు తెలియకుండా ఉండదు. గుడ్డు సంగతి కూడా అడుగుతాను.

పిచ్చి అని తెలుసు. రాసుకోవడానికి నాకేం భయం.

అక్టోబరు 18

చూశాను.

అక్టోబరు 19

నిన్న ఆ ఒక్క మాటే రాశాను.

వెనక కిటికీకి సగం చెక్క, సగం జాలీ. జాలీలోంచి చూశాను. ఎనిమిదింటికి పిట్ట వచ్చింది. తల దువ్వుకుని, బడి బట్టలు వేసుకుని ఉంది. స్టూలు లాక్కుని ఎక్కింది. నా గిన్నె ముందు పెట్టుకుంది. ఒలిచి పెట్టిన గుడ్డును దారంతో రెండు ముక్కలు చేసింది, వాళ్ళమ్మ కోసినట్టే. ఒక ముక్క నా గిన్నె అడుగున పెట్టింది. తర్వాత గరిటె తీసుకుంది.

"నాన్నకొకటి. నాన్నకు రెండు. నాన్నకు మూడు."

పైకే అంటోంది. ఆ రాగం నాకు తెలుసు. గోడ అవతల పడుకుని రెండేళ్ళ పాటు సెలవు రోజుల్లో వాళ్ళమ్మ గొంతులో విన్నాను. పాటనుకున్నాను.

మూత బోర్లించింది. గరిటె కడిగి మూత మీద అడ్డంగా పెట్టింది. ఆ తర్వాతే పెద్ద గిన్నె వైపు చూసింది. అందులో మిగిలింది ఒక్క గరిటె. దాన్ని డబ్బాలో సర్దుకుంది. మిగిలిన సగం గుడ్డు దాని మీద పెట్టుకుంది. గిన్నె అంచులు వేలితో తుడిచి నాకింది. రెండు గ్లాసుల నీళ్ళు తాగింది. గ్లాసు పెట్టేసి, బలం మందు డబ్బా చూసి, ముట్టుకోకుండా వదిలేసింది. అన్నం తిన్నాక తాగాలని నేనే కదా చెప్పాను.

వాకిలి తలుపు గడియ పడ్డ చప్పుడు వినపడింది. అప్పుడు పరుగెత్తాను. వీధి మలుపులో దొరికింది. నన్ను చూసి ఉలిక్కిపడింది.

ఇంటికి తీసుకొచ్చి, నా గిన్నె మూత తీసి, దాని ముందు పెట్టాను. తినమన్నాను. "అది నీది" అంది. చాలాసేపు వాదించింది. చివరికి నేను పక్కన కూర్చుంటానంటే తిన్నది. తింటుంటే అడిగాను. ఏడవలేదు, దాచలేదు, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

"అమ్మ నేర్పింది నాన్నా. ముందు నాన్నది తీసి మూతపెట్టాలి. నాన్న గేటు దగ్గర ఎండలో నిలబడతాడు, నాన్న పడిపోతే ఇల్లు పడిపోద్ది అనేది. మూడు గరిటెలు తీసి గరిటె అడ్డంగా పెట్టాలి, ఇంక ఎవరూ ముట్టుకోకూడదు. తర్వాత ఉన్నది మనది."

"మనదంటే?"

"నాకు మూడు."

"అమ్మకో?"

పిట్ట ముద్ద నోట్లో పెట్టుకుని ఆలోచించింది.

"అమ్మ గిన్నె కడిగేది. నీళ్ళు పోసి తిప్పి తాగేది. మంచిది, అడుగున బలమంతా ఉంటుంది అనేది. తర్వాత తింటానులే అనేది. నేను బడికి వెళ్ళిపోయేదాన్ని కదా."

ఇప్పుడు లెక్క తేలింది. మూడు గ్లాసులు ముగ్గురికి కాదు. మూడు గ్లాసులు ఇద్దరికే. ఆమె తన వాటాను రెండేళ్ళ కిందే తీసేసి, మిగిలింది చీటీ మీద రాసింది. నేను లేని వాటాను మళ్ళీ తీసేశాను. ఖాళీ బండి బరువు రెండు సార్లు తీసేస్తే సరుకుకు కోత పడుతుందని కొత్తగా చేరిన కుర్రాళ్ళకు నేనే నేర్పుతాను. ఆ కోత పిట్ట మీద పడింది. గరిటెలన్నీ నాకే వచ్చాయి. వచ్చావా అంటూ తిన్నాను, కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ తిన్నాను. పిల్ల తిండి తిన్నాను. అంతకుముందు దాని తల్లి తిండి తిన్నాను. ఒక్క రోజు కూడా నా గిన్నెలో ఎన్ని గరిటెలున్నాయో చూడలేదు.

కాటా మీద ఆ సున్నా చూసి నవ్వినప్పటికి ఆమె ఎంత బరువుందో నాకు తెలియదు.

అక్టోబరు 20

వదిన వచ్చింది. పిట్ట సంచి సర్ది గుమ్మం దగ్గరే పెట్టాను. పంపడానికి సిద్ధపడ్డాను. నా దగ్గర కంటే ఎక్కడైనా నయం.

ముందు జరిగిందంతా చెప్పాను. చీటీలు చూపించాను. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఒక్కొక్క చీటీ తిప్పి వెనక వైపు చదివింది. ఒక చీటీ దగ్గర చాలాసేపు ఆగింది, అందులో కొత్తగా ఏమీ లేదు, గుడ్లు రెండు అని ఉంది అంతే.

"మీరెప్పుడూ అడగలేదా?" అంది.

"అడిగాను. ముందే తిన్నానంది."

"దాన్ని నమ్మారా?"

నమ్మాను. నమ్మితే సుఖంగా ఉండేది. ఆ మాట వదినతో అనలేదు, ఇక్కడ రాస్తున్నాను.

పిట్ట సంచి దగ్గర నిలబడి, నేను పెద్దమ్మతో వెళ్తే నాన్నకు ఎవరు తీసిపెడతారని అడిగింది. వదిన చీటీలు డబ్బాలో పెట్టి మూత నొక్కింది. ముక్కు చీదుకుంది. నెల రోజులు చూస్తానంది. నవంబరు ఇరవైన తనే నర్సమ్మ దగ్గరికి తీసుకెళ్తుందట. అప్పటికి తొమ్మిదిన్నర దాటకపోతే ఇక మాటల్లేవంది. వెళ్తూ వెళ్తూ సంచిలోంచి పల్లీల పొట్లం తీసి గట్టు మీద పెట్టింది.

అక్టోబరు 22

తోటివాడితో మార్పు కుదుర్చుకున్నాను. ఇక నుంచి తొమ్మిదింటికి వెళ్తే చాలు. ఎండ దెబ్బ ఎక్కువే, కానీ ఎనిమిదింటికి పిట్ట పక్కన కూర్చోవచ్చు. మూత తీసిన బలం మందు డబ్బాను కొట్టువాడు వెనక్కి తీసుకోడు కదా, బతిమాలితే తీసుకున్నాడు, సగం ధరకు. దాంతో పప్పు, శనగలు, గుడ్లు తెచ్చాను. కూరలవాడు మళ్ళీ అడిగాడు. ఆవిడ చనిపోయింది అని చెప్పాను. వాడు తక్కెడ కింద పెట్టేశాడు.

మూడు గ్లాసులు వండాను. ఆరు గరిటెలు. పిట్టకు మూడు, నాకు మూడు. గిన్నె ఖాళీ.

అక్టోబరు 24

మధ్యాహ్నాలు ఇంట్లో ఉండటం లేదు కాబట్టి ఆమె లేని వెలితి తెలియడం లేదు. ఇవాళ ఆదివారం, మూడింటికి ఊరికే వంటింట్లోకి వెళ్ళి నిలబడ్డాను. గట్టు మీద ఎండ. మూతలు వాటి అరలో ఉన్నాయి. గరిటె మేకుకు వేలాడుతోంది. ఎవరూ లేరు. నిజానికి ఎప్పుడూ ఎవరూ లేరు, అయినా ఆ ఐదు వారాలు నాకు కావాలనిపిస్తోంది. పిట్ట రక్తం ఖరీదుకు కొనుక్కున్న ఐదు వారాలు. ఇంత నీచమైన కోరిక ఎక్కడా ఉండదు. ఉంది కాబట్టి రాస్తున్నాను.

అక్టోబరు 29

నెలాఖరు. పప్పు డబ్బా అడుగు కనపడుతోంది. జీతం మూడు రోజుల తర్వాత. ఇవాళ రెండు గ్లాసులే వండగలిగాను.

ఎనిమిదింటికి పిట్ట వచ్చి కూర్చుంది. దాని బుగ్గల్లో ఏదో కాస్త రంగు వచ్చినట్టుంది, లేదా నాకలా కనపడుతోంది. ఇంకా మూడు వారాలే గడువు. గరిటె తీసుకుని దాని పళ్ళెంలో రెండు, డబ్బాలో రెండు వేశాను. గుడ్డు మొత్తం దానికే పెట్టాను. నిమ్మకాయ పిండాను. గిన్నెలో నీళ్ళు పోసి తిప్పుతున్నాను.

"నువ్వో?" అంది.

"నేను ముందే తిన్నానమ్మా, నువ్వు తిను."

ఆ మాట వెతుక్కోకుండా వచ్చేసింది. గొంతు నాదే. మిగతాదంతా ఆమెది. ఆ చివరి పదం మీద కాస్త తేలిగ్గా, ఏదో పని తొందరలో ఉన్నట్టు అనడం కూడా. ఇన్నాళ్ళూ గిన్నెల్లో వెతికాను, నా నోట్లోనే ఉంది.

పిట్ట స్టూలు దిగి వచ్చింది. నా చేతిలోంచి గిన్నె తీసుకుని నీళ్ళు సింకులో పారబోసింది. ఇంకో పళ్ళెం తెచ్చింది. డబ్బాలోంచి ఒక గరిటె, తన పళ్ళెంలోంచి ఒక గరిటె తీసి అందులో వేసింది. ఒకటి, రెండు అని లెక్కపెట్టింది, పాటలా కాకుండా మామూలుగా. గుడ్డును దారంతో సగం చేసింది. నా సగాన్ని అడుగున దాచలేదు, పైన పెట్టింది.

తర్వాత నా ఎదురుగా కూర్చుంది. తన పళ్ళెం ముట్టుకోలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"నువ్వు తిను నాన్నా. నేను చూస్తాను" అంది. పళ్ళెం నా వైపు జరిపి, "అమ్మను చూడలేదు" అంది.

తిన్నాను. మొత్తం అయ్యేదాకా చూసింది. అప్పుడు తను మొదలుపెట్టింది. నేను పనికి ఆలస్యంగా వెళ్ళాను.